బండి చల్లబడేదాకా

మొన్న వాన వెలిసిన సాయంత్రం మా ఆయన గోదావరి అవతల జైపూర్‌లో డ్యూటీ దిగి కారులో ఇంటికొచ్చాడు. దారంతా బొగ్గు లారీలు తొక్కిన బురద. కారు అడుగంతా నల్లగా పట్టేసింది. దిగీ దిగడంతోనే నల్లాకు పైపు తగిలించి కారు కిందికి గురిపెట్టాడు. వంటింట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే వాకిట్లోకి ఉరికి, "ఆగు! జర దమ్ము తీస్కోనియ్యి దాన్ని!" అని అరిచాను.

ఆయన పైపు పట్టుకుని నా వంక వింతగా చూశాడు. నాకే నవ్వొచ్చింది. అది మా పక్కింటి కాక మాట. కాక పోయి ఏడాది కావస్తున్నా ఇట్లా నా నోట్లోంచి అప్పుడప్పుడు బయటికొస్తూనే ఉంటాడు. బతికున్నప్పుడూ అంతే, పిలవకుండానే వచ్చి మన ఇంట్లో ఏది ఎక్కడ ఉండాలో చెప్పిపోయేవాడు.

కాక గోదావరిఖనిలో బొగ్గు బాయి సర్దారుగా చేసి రిటైరైన మనిషి. సర్దారంటే తలపాగా, మీసాలు అనుకునేరు. బక్కపలచని మనిషి, మీసమే లేదు. భూమి కింద తన జాగాలో పైకప్పు గట్టిగా ఉందా, గాలి సరిగా ఆడుతోందా అని ముందు తాను చూసి, ఆ తర్వాతే కూలీలను లోపలికి పంపడం ఆయన పని. ఆ పని అయిపోయిందని కంపెనీ కాగితం ఇచ్చింది. కాక కాగితం తీసుకున్నాడు గానీ పని మానలేదు. క్వార్టర్ ఖాళీ చేసి మా పక్కన చిన్న ఇల్లు కట్టుకుని, బాయిలో చేసిందంతా మా గల్లీలో చెయ్యడం మొదలుపెట్టాడు.

మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీ వేస్తే కూర్చోలేదు. చేతికర్ర పైకెత్తి స్లాబును అక్కడా ఇక్కడా టక్కు టక్కుమని కొట్టి, తల వంచి విన్నాడు. నేను గరిటె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. "మంచిగ పలుకుతున్నది. కూసోవచ్చు," అని అప్పుడు కూర్చున్నాడు. చాయ్ తాగి పోతూ పోతూ ఇంకో మూలన కొట్టి, "బిడ్డా, గీడ జర డొల్లగున్నది. పైలం," అన్నాడు. ఆ మూలకు ఇంతవరకూ ఏమీ కాలేదు. కానీ నేను ఈనాటికీ దాని కింద మంచం వెయ్యను. అదీ ఆయన నాకు చేసిపోయిన ఉపకారం.

ఇంకో అలవాటు మట్టి చిటికె. ఎక్కడికి పోయినా ముందు వంగి చిటికెడు మట్టి తీసి, చెయ్యి భుజం దాకా లేపి, మెల్లగా వదిలేవాడు. అది ఎటు కొట్టుకుపోతుందో చూసి, గాలి వచ్చే దిక్కున జాగా చూసుకుని కూర్చునేవాడు. బాయిలో గాలి ఎటు పోతోందో అట్లా చూడటం అలవాటట. బాయిలో సరే. ఒకసారి ఎవరిదో పెళ్లిలో, ఫంక్షన్ హాల్లో మట్టి ఎక్కడ దొరుకుతుంది? పళ్లెంలోంచి చిటికెడు పసుపు తీసి వదిలాడు. అది పోయి పోయి పెళ్లికొడుకు మేనత్త తెల్ల పట్టుచీర మీద పడింది. ఆమె గొడవకు దిగితే కాక ఏ మాత్రం నొచ్చుకోలేదు. "అక్కా, నువ్వు గాలి పోయే దిక్కు కూసున్నవు. గిటు జరుగు," అన్నాడు.

అన్నిటికంటే పెద్ద చాదస్తం స్నానం. డ్యూటీ చేసిన రోజుల్లో నల్లగా మారి ఇంటికి వస్తే గడప తొక్కేవాడు కాదు. దొడ్డివైపు నుంచి వచ్చి, నెత్తి మీద నీళ్లు పోసుకున్నాకే ఇంట్లోకి. చలికాలమైనా, జ్వరమైనా అంతే. స్నానం, బువ్వ, నిద్ర, మళ్లీ షిఫ్టు. "బాయిల మట్టి బాయిలనే ఉండాలె, ఇంట్లకు రావద్దు," అనేవాడు. ఆయన భార్యను నేను చిన్నమ్మ అని పిలుస్తాను. చిన్నమ్మ ఆ మాట విని, "మట్టి రాలే. మనిషి గూడ రాలే," అనేది. కాకకు వినబడేలాగే అనేది.

చిన్నమ్మకు ఆయాసం. పొగ తగిలితే చాలు, రొమ్ము బిగుసుకుపోయి పిల్లికూతలు వస్తాయి. ఆమెకు ఒక్కగానొక్క అక్క రామకృష్ణాపూర్‌లో ఉంది. ఆ అక్క కాళ్లు పడిపోయి మంచం మీదే ఉంటుంది, పైగా చెవులు వినపడవు. ఫోను చేస్తే ఈమె అరవడం, ఆమె "ఎవలూ?" అనడం, అంతే. చిన్నమ్మ ఎదురుగా కూర్చుని పెదవులు కదిలిస్తే మాత్రం అక్కకు అన్నీ తెలిసిపోతాయి. అందుకని ఆదివారం వచ్చిందంటే చిన్నమ్మ గోదావరి గంగ దాటి, మంచిర్యాల మీదుగా అక్క దగ్గరికి పోవాల్సిందే. పోయి ఇద్దరూ కలిసి తినాలి, చిన్నప్పటి సంగతేదో తవ్వుకుని కొట్లాడాలి, సాయంత్రం కళ్లు తుడుచుకుని విడిపోవాలి. బస్సు పొగ పడటం లేదని కాక రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నాడు. బదిలీ మీద పోతున్న ఆఫీసరెవరో అమ్ముకున్న చిన్న పెట్రోలు బండి. తెల్ల రంగు కాస్తా పాలమీగడ రంగుకు తిరిగింది. "నీ ఆదివారం నా పూచి," అని చిన్నమ్మకు మాటిచ్చాడు. మొగుడు ఆమెకిచ్చిన మాటల్లో షిఫ్టు అడ్డం రానిది అదొక్కటేనని చిన్నమ్మ నాతో చాలాసార్లు చెప్పింది.

ఆ కారుకూ బాయి నియమమే. రామకృష్ణాపూర్ నుంచి తిరిగొచ్చే వేళకు మా గల్లీలో నల్లా వస్తుంది. కాక బండి ఆపడం, పైపు తగిలించడం, వెల్లకిలా పడుకుని కారు కిందికంతా నీళ్లు కొట్టడం. వేడివేడి ఇనుము మీద నీళ్లు పడి బుస్సుమని ఆవిరి లేచేది. "డ్యూటీ దిగొచ్చింది గద బిడ్డా, తానం చెయ్యకుంట షెడ్డుల ఎట్ల పెడుత?" అనేవాడు. ఆవిరి మధ్యలోంచి బయటికొచ్చిన కాక మొహంలో ఎంత తృప్తో.

కొన్నాళ్లకు బండి కింద గలగలమని చప్పుడు మొదలైంది. కాక కర్రతో కింద కొట్టి విని, రాయి ఇరుక్కుందని తేల్చాడు. ఆ ఆదివారం మంచిర్యాలలో నాకూ పనుండి వాళ్ల వెంట పోయాను. గోదావరి వంతెన ఎక్కేసరికి బండి లాగడం లేదు. కాక ఎంత తొక్కినా మూలుగుతోంది. ఇంతలో లోపల కుళ్లిన కోడిగుడ్ల వాసన గుప్పుమంది. నేను మర్యాదకు ఊరుకున్నాను. చిన్నమ్మ నన్ను చూసింది, నేను చిన్నమ్మను చూశాను. కాక మాత్రం వంతెన దిగగానే బండిని రోడ్డు పక్కకు తిప్పి ఆపి, తలుపు తీసి ఉరికాడు.

"దిగుండ్రి! జల్ది దిగుండ్రి! సామాను ఇడిసిపెట్టుండ్రి, ముక్కులకు గుడ్డ పెట్టుకోండ్రి!"

మేం దిగేలోగా మట్టి చిటికె వదిలాడు. గాలి గంగ మీది నుంచి వస్తోంది. "గాలికి ఎదురుంగ నడువుండ్రి. ఎనుకకు సూడకుండ్రి!" మా ఇద్దరినీ మేకల్ని తోలినట్టు నది వైపు తోలుకుపోయాడు. కొంత దూరం పోయాక నిలబెట్టి వేలితో లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు... నేను మూడు. అందరం ఉన్నం." అప్పుడు ఊపిరి వదిలాడు. బాయిలో కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది విషపు గాలి. వాసన చూసుకుంటూ నిలబడితే మనిషి లేవడు. వచ్చినదారిన మంచి గాలి వైపు నడవాలి, తలలు లెక్కపెట్టుకోవాలి. జీవితమంతా ఆయన నేర్పింది అదే, చేసింది అదే.

చిన్నమ్మ కొంగు ముక్కు మీంచి తీసి చుట్టూ చూసింది. "మీద ఆకాశం, కింద గంగ. గ్యాసు ఏడికెల్లి వచ్చిందయ్యా?"

కాక ఆకాశం వైపు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడటం నేను అప్పుడే చూశాను. ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. చివరికి ఆయనా నవ్వాడు. అక్క కోసం ఉడకబెట్టి తెచ్చిన పల్లికాయ ఆ గంగ ఒడ్డునే ముగ్గురం తిన్నాం. నవ్వుకున్నాం గానీ, అక్క దగ్గరికి పోలేదు.

మర్నాడు బండిని మెకానిక్ భాయ్ దగ్గర పెట్టారు. కాకకు ఓపిక ఉండదని చిన్నమ్మ వెంట పోయింది, చిన్నమ్మకు తోడని నన్ను లాక్కుపోయింది. భాయ్ కింద దూరి పొగ గొట్టం మధ్యలో ఉన్న ఇనుప డబ్బా ఊడదీసి, మా ముందు ఊపాడు. గలగలమంది.

"కన్వర్టర్ పోయింది కాకా. లోపట పింగాణి జాలీ ఉంటది, తేనెపట్టు లెక్క. పొగల ఉన్న జహర్ అంత అది సాఫ్ చేస్తది. ఇది పలిగి ముక్కలైంది. ముక్కలు అడ్డం పడ్డయ్, పొగ పోతలేదు. గందుకే గుంజుతలేదు, గందుకే వాసన." తల గోక్కుని అడిగాడు. "వేడి మీద చల్లనీళ్లు పడితెనే గిట్ల పల్గుతది. బండిని నీళ్లల్ల దించినవా?"

"లే," అన్నాడు కాక.

"మరెట్ల?"

చిన్నమ్మే చెప్పింది. "ఇంటికి రాంగనే తానం పోస్తడు."

భాయ్ నవ్వీ నవ్వీ అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. కాక నవ్వలేదు. ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. ఎవరినీ నల్లగా గడప తొక్కనివ్వని మనిషి, శుభ్రం చేసీ చేసీ ఆ బండి రొమ్ము పగలగొట్టాడు. నాకు నవ్వు ఆగిపోయింది.

భాయ్ కళ్లు తుడుచుకుని, "ఫికర్ చెయ్యకు. కొత్తది ఈ మోడల్‌కు దొరుకుడే కష్టం. లోపలి జాలీ పొడిచి తీసేస్త, ఖాళీ డబ్బా బిగిస్త. అందరు గదే చేస్తున్నరు. బండి తుఫాన్ లెక్క పోతది," అన్నాడు.

"పొగ?"

"పొగ ఎనుకకు పోతది కాకా. ముంగట కూసున్న చిన్నమ్మకు వాసన గూడ రాదు."

"ఎనుక ఉన్నోళ్లకు?"

భాయ్ భుజాలు ఎగరేశాడు. ఆలోచన చేసి చెప్త అని కాక వచ్చేశాడు.

ఆదివారాలు పోసాగాయి. కాక వాకిట్లో కూర్చుని ఖాళీ షెడ్డు వంక చూసేవాడు. చిన్నమ్మ పట్టుబట్టి ఒక ఆదివారం బస్సెక్కింది. మంచిర్యాల బస్టాండులో బస్సులన్నీ ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయట. ఆమెకు అక్కడే ఊపిరాడక, దవాఖానలో ఆక్సిజన్ మాస్కు పెట్టించుకుని, అక్కను చూడకుండానే వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం కాక గోడ అవతల నిలబడి, నన్ను చూడకుండా జామచెట్టును చూస్తూ అన్నాడు. "ఖాళీ డబ్బానే బిగియ్యమంట బిడ్డా. ఏం జేస్త మరి?" నేను మంచి పని కాకా అన్నాను. నిజంగానే అన్నాను. మా చిన్నమ్మ ఊపిరికంటే నాకు ఎవరి ఊపిరీ ఎక్కువ కాదు.

మళ్లీ ముగ్గురం భాయ్ షెడ్డుకు పోయాం. భాయ్ డబ్బాను నేల మీద నిలబెట్టి, ఇనుప చువ్వ దాని మూతిలో పెట్టి సుత్తి లేపాడు. కాక వంగి చిటికెడు మట్టి తీసుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదనుకుంటాను, చెయ్యి దానంతట అదే పోయింది. వదిలితే మట్టి రోడ్డు వైపు కొట్టుకుపోయింది. అక్కడ మిర్చిబజ్జీల బండి. బండి దగ్గర బస్సు కోసం చూస్తూ ఆడవాళ్లు, ఒకామె చంకలో పాపాయి. కాక నమ్మనట్టు ఇంకోసారి మట్టి తీసి వదిలాడు. మళ్లీ అటే పోయింది.

"ఆగు భాయ్," అన్నాడు. సుత్తి గాల్లోనే ఆగింది. కాక మాకు చెప్తున్నట్టు కాకుండా తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. "బాయిల గాలి ఒక్కటే ఉంటది. ఒక జాగల నుంచి ఇంకో జాగలకు పోతది. మేం ఖరాబ్ చేసిన గాలి మా ఎనుక ఉన్నోళ్లు పీలుస్తరు. గందుకే మా జాగల బీడీ గూడ తాగనియ్యకపోతుంటి. ఇప్పుడు..." ఆయన చిన్నమ్మ వైపు చూశాడు. ఇచ్చిన మాట ఒక పక్క, చేతికంటిన మట్టి ఒక పక్క. అంత దిక్కులేని మొహం ఆయనది నేనెప్పుడూ చూడలేదు.

చిన్నమ్మ టైరు మీంచి లేచింది. "వద్దయ్యా," అంది. "మంచిర్యాల బస్టాండ్ల నేను నిలబడ్డట్టే రేపు ఇంకొకామె నిలబడుతది. మా అక్క ఏడికి పోతది? మంచం మీదనే ఉంటది. మంచిది దొరికినంకనే పోదాం."

ఆ మాటతో కాక భుజాలు దిగాయి. మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు అట్లా చూసుకోవడం చూసి నేను మొహం తిప్పుకున్నాను. నాకు సిగ్గేసింది, సంతోషమూ అయింది. భాయ్ సుత్తి పక్కన పారేసి, "మియా బీవీ ఇద్దరు గిట్లనే ఉన్నరు, నేనేం జెయ్యాలె?" అని సణుగుతూ ఫోను తీశాడు.

ఎవరెవరికో ఫోన్లు చేసి, చివరికి మంచిర్యాలలో పాత బండ్లు విడదీసే దుకాణంలో అదే మోడల్‌ది ఒకటి పట్టాడు. ముందుభాగం నుజ్జయిన కారు, అడుగు మాత్రం చెక్కుచెదరలేదట. కాక స్వయంగా పోయి, డబ్బాను కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి, వేలి కణుపుతో కొట్టి, "గలగలమంటలేదు, గట్టిగున్నది," అని తెచ్చాడు. బిగించేటప్పుడు భాయ్ ఒకే ఒక్క షరతు పెట్టాడు. "కాకా, కడుగు. వద్దనను. గని ఇంటికి రాంగనే కాదు. చల్లగయ్యేదాక ఆగు. జర దమ్ము తీస్కోనియ్యి దాన్ని."

అట్లా ఆ మాట కాక నోటికి వచ్చింది. అక్కడి నుంచి నా నోటికి.

నేను చెప్పాలనుకున్న కాక ఆ తర్వాతి కాక. రామకృష్ణాపూర్ నుంచి రాగానే పైపు తీసి పక్కన పెట్టుకుని, వాకిట్లో సిమెంటు గద్దె మీద కూర్చునేవాడు. కాళ్లూ చేతులూ ఊరుకోక కర్రతో నేల మీద గీతలు గీసేవాడు. బండి కింద వేడి ఇనుము చల్లబడుతూ టిక్కు టిక్కుమనేది. అది ఆగేదాకా ఆయన లేవకూడదు. లేవకూడదు కాబట్టి చిన్నమ్మ చాయ్ తెచ్చి పక్కన కూర్చునేది. పెళ్లయిననాటి నుంచీ డ్యూటీ దిగినాక స్నానానికీ నిద్రకూ పారిపోయిన మనిషి, మొదటిసారి కదలకుండా ఆమెకు దొరికాడు. వంకాయలు కోసుకునే వంకతో నేను గోడ ఇవతల నిలబడేదాన్ని.

ఒకరోజు చిన్నమ్మ అడిగింది. "ఏమయ్యా, అన్నేండ్లు గిన్నె గట్టిస్తి. గా బువ్వ ఏడ కూసోని తింటుంటివి?"

కాక గీతలు గీస్తున్న కర్ర పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. ఏ మలుపు దగ్గర, ఏ దిమ్మె మీద కూర్చునేవాడో, దీపం నెత్తిన ఉంటుంది కాబట్టి గిన్నెలోకి తల వంచితేనే కూర ఏందో కనిపించేదని, తోటకూర పంపిన రోజు పక్కవాళ్లు గిన్నె లాక్కునేవారని. చిన్నమ్మ చెంపకు చెయ్యి పెట్టుకుని విన్నది. "తోటకూరనా? నీకు ఇష్టం లేదనుకొని తక్కువ పంపిస్తి," అంది. "ఇష్టమే," అన్నాడు కాక. "చెప్పకపోతివి?" "ఎప్పుడు చెప్పాలె? ఇప్పుడు చెప్తున్న గద." ఆ మరుసటి ఆదివారం వాళ్ల ఇంట్లోంచి తోటకూర తాలింపు వాసన వచ్చింది. తర్వాత్తర్వాత టిక్కు టిక్కు ఆగిపోయాక కూడా వాళ్లు లేచేవాళ్లు కాదు. నల్లా కట్టేసే టైం దాటిపోయి, బండి మురికిగానే షెడ్డులోకి పోయిన రోజులున్నాయి. కాక బండి మురికిగా! నేను మా ఆయనను పిలిచి మరీ చూపించాను.

ఆయన పోవడం కూడా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. పొద్దున చాయ్ తాగి, గద్దె మీద గాలి వచ్చే దిక్కున కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగాడు. దహనానికి గంగ ఒడ్డుకు చిన్నమ్మ తమ కారులోనే వస్తానంది. భాయ్ నడిపాడు, పక్కన నేను కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి చుట్టాలు వాకిట్లో నీళ్ల బకెట్లు వరుసగా పెట్టి ఉంచారు. గంగ నుంచి వచ్చినవాళ్లు నీళ్లు పోసుకోకుండా గడప తొక్కకూడదు కదా. "దా అవ్వా, జల్ది తానం జెయ్యి, పొద్దువోతున్నది," అని పెద్దలెవరో తొందర చేశారు.

చిన్నమ్మ పోయి గద్దె మీద కూర్చుంది. బండి కింద టిక్కు టిక్కుమంటోంది.

"ఆగుండ్రి," అంది. "జర దమ్ము తీస్కోనియ్యిండ్రి."

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ భాయ్‌కూ అర్థమై, ఇద్దరం చెరో పక్కా నిలబడ్డాం. చుట్టాలందరూ బకెట్ల దగ్గర చేతులు కట్టుకుని ఊరుకున్నారు. చప్పుడు మెల్లమెల్లగా ఎడం పడుతూ పోయి ఆగింది. ఇంకాసేపు కూర్చుని, చిన్నమ్మ లేచి బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసింది. "ఇగ నీళ్లు పొయ్యి బిడ్డా," అని భాయ్‌తో చెప్పింది. భాయ్ ముందు బండి అడుగంతా కడిగాడు. ఆ తర్వాతే ఆమె నీళ్లు పోసుకుంది.

పైపు చుట్టి పెడుతూ భాయ్ అన్నాడు. "చిన్నమ్మా, దినాలైనంక ఆదివారం ఆదివారం నేనే తోల్త. రామకృష్ణాపూర్ పోదాం."

తడి కొంగు పిండుకుంటూ చిన్నమ్మ భాయ్‌ని ఎగాదిగా చూసింది.

"తోలు, మంచిదే. గని తెచ్చి ఇడిసిపెట్టి ఎంబడే ఉరుకుత అంటె ఊకోను. చల్లగయ్యేదాక గద్దె మీద కూసోవాలె మరి."